గాజులు తొడుక్కోమన్నది నేనే: మన డెల్టాలో పిల్లల కోపానికి పర్మిషన్ ఎవరిచ్చారు?

వీడియో చూసే టైమ్ లేదు, చదువుకుంటాం అని అడిగేవాళ్ళ కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాం. బస్సులోనో, లంచ్ బ్రేక్‌లోనో చదివేయండి.

ఈ వారం హిస్టరీలోకి వెళ్ళే ముందు నేను చేసిన ఒక వెధవ పని చెప్పుకోవాలి. దాని గురించి ఆలోచిస్తూనే ఈ ఎపిసోడ్ తయారైంది.

మొన్న సంక్రాంతికి గుడివాడ దగ్గర మా ఊరెళ్ళాను. కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక పెద్దవాళ్ళం అందరం అరుగు మీద కూర్చున్నాం. ఇంటి ముందు మా పెద్దక్క కూతురు, చిన్నక్క కొడుకు ఒకే సైకిల్ కోసం కొట్లాడుకుంటున్నారు. పాపకి ఏడేళ్ళు, వాడికి ఆరు. మాటా మాటా పెరిగింది, పాప లాగి ఒక్కటిచ్చింది. వాడు ఏడ్చుకుంటూ అరుగు దగ్గరికొచ్చాడు.

అప్పుడు నేనన్నాను: "ఆడపిల్ల చేతిలో దెబ్బలు తినొచ్చావేంట్రా? వెళ్ళి గాజులు తొడుక్కో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి ఏడుపు టక్కున ఆగిపోయింది. అదే నిమిషంలో మా అమ్మ పాపని కేకలేస్తోంది: "మగరాయుడిలా తయారవుతున్నావేంటే? ఆడపిల్లకి ఆ చెయ్యి లేవడమేంటి?"

ఐదు నిమిషాలాగి వాడు మళ్ళీ వెళ్ళాడు. పాప వీపు మీద గట్టిగా కొట్టాడు. కొట్టాక పాప వైపు చూడలేదు. నా వైపు చూశాడు. బాగా కొట్టానా మామయ్యా అన్నట్టు.

ఆ చూపు నన్ను వదల్లేదు.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నప్పుడు నా పని ఎక్కువగా బగ్‌లు వెతకడం. ఒకే ఇన్‌పుట్‌కి రెండు వేరు వేరు అవుట్‌పుట్‌లు వస్తున్నాయంటే, మధ్యలో ఎక్కడో ఎవరో ఒక కండిషన్ రాసి పెట్టారని అర్థం. ఇక్కడా అంతే. ఒకే గొడవ, ఒకే సైకిల్. పాప కొడితే తిట్లు, వాడు కొట్టకపోతే తిట్లు. మరి ఈ కండిషన్ ఎవరు రాశారు? ఎప్పటినుంచో ఇలాగే ఉందా? లేక మధ్యలో ఎప్పుడైనా మారిందా?

మారింది. మన కృష్ణా డెల్టాలోనే, గత వందేళ్ళలోనే, ఒకటి కంటే ఎక్కువసార్లు మారింది. ఈ రోజు కథ అదే.

ముందు కొంచెం సైన్స్

"మగపిల్లలు పుట్టుకతోనే అంతండీ, రక్తంలోనే ఉంటుంది" అని మీలో కొందరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు. ఒక్క నిమిషం ఆగండి. ఆ మాటలో కొంత నిజం ఉంది. రెండు మూడేళ్ళ వయసు నుంచే తోయడం, కొట్టడం లాంటివి సగటున మగపిల్లల్లో ఎక్కువ కనిపిస్తాయని చాలా దేశాల్లో గమనించారు. అది నేను కాదనను. కానీ కథ అక్కడితో అయిపోలేదు.

కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే అనే శాస్త్రవేత్త వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఆయన చెప్పింది ఏంటంటే, మనిషి జీవితంలో చెయ్యి చేసుకోవడం అనేది ఎక్కువగా ఉండేది ఇరవైల్లో కాదు, సుమారు రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య. ఆ తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తుంది. అంటే కొట్టడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఆపుకోవడం. ఆ పాఠం ఎవరికి గట్టిగా చెప్తున్నాం, ఎవరికి చెప్పకుండా వదిలేస్తున్నాం అన్నదే ప్రశ్న.

ఇప్పుడు 1976 నాటి ఒక ప్రయోగం. అమెరికాలో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ అనే ఇద్దరు 9 నెలల బిడ్డ వీడియో ఒకటి కొంతమందికి చూపించారు. మూత తెరుచుకోగానే స్ప్రింగు బొమ్మ ఒకటి డబ్బాలోంచి ఎగిరి వస్తుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. సగం మందికి ఆ బిడ్డ బాబు అని చెప్పారు, సగం మందికి పాప అని. వీడియో ఒకటే, ఏడుపు ఒకటే. బాబు అనుకున్నవాళ్ళు ఎక్కువగా "కోపం వచ్చింది" అన్నారు. పాప అనుకున్నవాళ్ళు ఎక్కువగా "భయపడింది" అన్నారు. తొమ్మిది నెలలకే, మాట కూడా రాకముందే, ఆ బిడ్డ ఏడుపుకి మనం పేరు పెట్టేస్తున్నాం.

ఇంకోటి మీలో చాలామంది సైకాలజీ వీడియోల్లో చూసే ఉంటారు. ఆల్బర్ట్ బండూరా, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, 1961. 36 మంది అబ్బాయిలు, 36 మంది అమ్మాయిలు, అందరూ నర్సరీ పిల్లలు. పెద్దవాళ్ళు ఒక గాలి బొమ్మని సుత్తితో కొడుతుంటే కొందరు పిల్లలు చూశారు. తర్వాత ఆ పిల్లలూ అలాగే కొట్టారు, అబ్బాయిలు ఇంకాస్త ఎక్కువ. చాలా వీడియోలు ఇక్కడితో ఆపేస్తాయి.

అసలు విషయం 1965లో ఉంది. బండూరా మళ్ళీ అలాంటి ప్రయోగమే చేశారు, ఈసారి సినిమాలో చూపించి. ముందు మామూలుగా వదిలేస్తే అమ్మాయిలు తక్కువ అనుకరించారు. తర్వాత పిల్లలకి ఒక ఆఫర్ ఇచ్చారు: సినిమాలో చూసింది చేసి చూపిస్తే జ్యూస్ ఇస్తాం, స్టిక్కర్లు ఇస్తాం. అంతే, అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా దాదాపు మాయమైపోయింది.

అంటే అమ్మాయిలు కూడా అంతా చూశారు, అంతా గుర్తు పెట్టుకున్నారు. ఇది మనం చేయకూడదని తెలుసు కాబట్టి బయటపెట్టలేదు. నేర్చుకోవడం ఇద్దరికీ సమానమే, పర్మిషన్ మాత్రం సమానం కాదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

బెజవాడలో రాట్నం, బందరులో వస్తాదు

1921 మార్చి 31, ఏప్రిల్ 1. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. గాంధీ వచ్చారు. మన పింగళి వెంకయ్య గారి జెండా కథ అందరికీ తెలుసు కాబట్టి అది వదిలేద్దాం. ఆ సమావేశం పెట్టుకున్న టార్గెట్లు చూడండి: కోటిమంది సభ్యులు, తిలక్ నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు.

ఆ మూడోది మన టాపిక్‌కి చాలా ముఖ్యం. నూలు వడకడం అప్పటిదాకా ఇళ్ళల్లో ఎక్కువగా ఆడవాళ్ళ పని. ఇప్పుడు లాయర్లు, డాక్టర్లు, మీసాలు తిప్పే పెద్దమనుషులు కింద కూర్చుని దారం తీస్తున్నారు. దాన్ని ఎవరూ ఆడంగి పని అనలేదు, దేశసేవ అన్నారు.

తొమ్మిదేళ్ళు ముందుకొద్దాం. 1930, ఉప్పు సత్యాగ్రహం రోజులు. బందరులో, అంటే మచిలీపట్నంలో, కోనేరు సెంటర్. తోట నరసయ్య నాయుడు అనే ఆయన అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చారు. ఆయన సామాన్యుడు కాదండీ, వస్తాదు. కుస్తీలు పట్టిన ఒళ్ళు. పోలీసులు లాఠీలతో మీద పడ్డారు. ఆయన తిరిగి కొట్టలేదు, జెండా వదల్లేదు. స్పృహ తప్పేదాకా దెబ్బలు తిన్నారు.

ఇప్పుడు మా అరుగు మీద నేనన్న మాట పక్కన పెట్టి ఇది ఆలోచించండి. ఊళ్ళో అందరికంటే బలమున్న మగాడు, నడి సెంటర్లో, జనమందరి ముందు దెబ్బలు తిని తిరిగి కొట్టలేదు. గాజులు తొడుక్కో అని ఆయన్ని ఎవరూ అనలేదు. జెండా వీరుడు అన్నారు. ఇప్పటికీ బందరులో ఆయన పేరు గర్వంగానే చెప్పుకుంటారు.

ఆ రోజు కోనేరు సెంటర్లో కుర్రాళ్ళు కూడా ఉండే ఉంటారు కదా. వాళ్ళు చూసిన మగతనం ఏంటి? చెయ్యెత్తగలిగి కూడా ఎత్తకపోవడం. పర్మిషన్ మారడమంటే ఇదే. మనుషులూ వాళ్ళ రక్తమూ ఏం మారలేదు. ఊరు చప్పట్లు కొట్టే చోటు మారింది.

గొంతెత్తిన ఆడవాళ్ళు

సరే, ఆడపిల్లల సంగతి?

మనకో సామెత ఉంది, మీరూ వినే ఉంటారు: నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదు. ఒక్క లైన్‌లో ఇద్దరి నోళ్ళూ మూసేశారు చూడండి. ఆమె నవ్వకూడదు, వాడు ఏడవకూడదు. ఇక అమ్మాయి కోపం సంగతి సామెతలో లేనే లేదు. అసలు అలాంటిది ఒకటి ఉంటుందని ఊహించినట్టే లేరు.

ఇది పుట్టిన రోజుల్లో ఆడపిల్లకి బాల్యం అన్నదే తక్కువ. 1929లో శారదా చట్టం వస్తే అమ్మాయి పెళ్ళి వయసు 14 అన్నారు, అదే పెద్ద సంస్కరణ. పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారినే తీసుకోండి. ఊహ తెలియని వయసులో పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. ఆ రోజుల లెక్కలో ఆమె జీవితం అక్కడితో అయిపోవాలి. కానీ ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు, అజ్ఞాతవాసం చేశారు, తొంభై ఏళ్ళు దాటాక 'నిర్జన వారధి' పేరుతో తన కథ రాసి అచ్చు వేయించారు. 2018లో, నూరేళ్ళ వయసులో వెళ్ళిపోయారు.

ఆమె ఒక్కరే కాదు. 1940ల్లో కృష్ణా జిల్లాలో మహిళా సంఘాలు బలంగా పనిచేశాయి. రాజకీయ తరగతులు పెట్టారు, ఆత్మరక్షణ నేర్పారు. 1943లో ప్రజానాట్యమండలి మొదలైంది. అందులో మోటూరి ఉదయం గారు ఆడవాళ్ళతోనే ఒక బుర్రకథ దళం నడిపారు.

బుర్రకథ చూడనివాళ్ళ కోసం చెప్తాను. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, చేతికి అందెలు. రెండు పక్కలా గుమ్మెటలు వాయించే వంతలు. ముందుకి దూకుతూ, వెనక్కి అడుగేస్తూ, యుద్ధం ఘట్టం వస్తే గొంతు చించుకుని పలకాలి. అందులో వీరరసానిది పెద్ద పాత్ర. ఆ పని ఆడవాళ్ళు చేశారు, ఊరి నడిబొడ్డున, రాత్రిపూట, వేలమంది ముందు. ఇంట్లో గట్టిగా మాట్లాడితేనే "ఆ గొంతేంటి" అనిపించుకునే రోజుల్లో. స్టేజీ ముందు నేల మీద కూర్చున్న ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లలు ఏం అనుకుని ఉంటారో ఊహించుకోండి.

అవతల తెలంగాణలో ఇది తుపాకీ దాకా వెళ్ళింది. మల్లు స్వరాజ్యం గారు 1931లో పుట్టారు. సాయుధ పోరాటంలో దళాన్ని నడిపినప్పుడు ఆమెకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆమె తల మీద 10,000 రూపాయల వెల ఉండేది. ఆ రోజుల్లో పదివేలు అండీ.

కానీ కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. 1951లో పోరాటం ఆపేశారు. ఆ తర్వాత? 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేశారు. అందులో మళ్ళీ మళ్ళీ వినపడే బాధ ఒకటే: అవసరం ఉన్నప్పుడు రమ్మన్నారు, అయిపోయాక ఇంటికెళ్ళి సంసారాలు చూసుకోమన్నారు.

చూశారా, పర్మిషన్ ఇచ్చారు, మళ్ళీ వెనక్కి తీసేసుకున్నారు. ధైర్యం వాళ్ళలో మొదటి రోజు నుంచీ ఉంది, చివరి రోజూ ఉంది. మనం దాన్ని ఎప్పుడు ఒప్పుకున్నామన్నదే తేడా.

"నువ్వెవరి మనిషివి?"

ఇప్పుడు మన నాన్నల కాలానికి వద్దాం. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఎవరిది తప్పు, ఎవరు గొప్ప అనే చర్చ ఈ ఎపిసోడ్ కాదు, దయచేసి కామెంట్లలో ఆ గొడవ పెట్టుకోవద్దు.

1970లు, 80ల విజయవాడ. రైల్వే జంక్షన్, లారీలు, ఆటోనగర్, వ్యాపారం, యూనియన్లు, కాలేజీలు. 1972లో చలసాని వెంకటరత్నం హత్య, 1974లో వంగవీటి రాధా హత్య. అక్కడినుంచి వంగవీటి, దేవినేని వర్గాలుగా నగరం చీలింది. ఆ చీలిక కాలేజీల్లోకి విద్యార్థి సంఘాలుగా వచ్చింది, ఒకవైపు యుఐఎఫ్, ఇంకోవైపు యుఎస్ఓ. దానికి కులం రంగు కూడా అంటుకుంది. చివరికి 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున, నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య. ఆ తర్వాత అల్లర్లు, మంటలు, కర్ఫ్యూ.

మా నాన్న అప్పుడు విజయవాడలో డిగ్రీ చదివేవారు. ఆయనకి గుర్తున్నది హత్యలూ మంటలూ కాదు, ఒక ప్రశ్న. కాలేజీలో చేరిన మొదటి వారమే సీనియర్లు అడిగేవాళ్ళట: "నువ్వెవరి మనిషివి?" ఎవరి మనిషినీ కాదు, చదువుకోడానికొచ్చాను అంటే, "అయితే గాజులు తొడుక్కొని కూర్చో" అనేవాళ్ళట.

అదే గాజులు. నలభై ఏళ్ళ కిందట మా నాన్నని భయపెట్టిన మాట, మొన్న కనుమ రోజు నా నోట్లోంచి నా మేనల్లుడి మీద పడింది. మధ్యలో ఎవరూ కూర్చుని నాకు నేర్పలేదు. అదలా నడిచొచ్చేసింది.

రంగా హత్య జరిగి ఏడాది కూడా తిరక్కముందే, 1989 అక్టోబరులో 'శివ' సినిమా వచ్చింది. తీసిన రామ్ గోపాల్ వర్మ విజయవాడలో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివినాయనే. హీరో సైకిల్ చైన్ లాగిన సీన్ గురించి నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో నాన్ననో బాబాయినో అడగండి, కళ్ళు మెరుస్తాయి. ఇప్పుడు ఆ తర్వాత వచ్చిన టైటిళ్ళు చూడండి: 1991లో 'అసెంబ్లీ రౌడీ', అదే ఏడాది 'రౌడీ అల్లుడు', 1992లో 'రౌడీ ఇన్‌స్పెక్టర్'. పోలీస్ స్టేషన్లో రౌడీ షీట్ అంటే ఒక మనిషి జీవితం మీద పడే మచ్చ. అదే మాట మూడు నాలుగేళ్ళలో హీరో ఇంటిపేరైపోయింది. ఇప్పుడు ఇళ్ళల్లో రెండేళ్ళ బాబుని ముద్దు చేస్తూ "నా రౌడీగాడు" అంటాం. ఫ్యాన్స్‌కి రౌడీలు అని పేరు, బట్టల బ్రాండ్‌కి అదే పేరు.

సినిమాలు చూసి పిల్లలు చెడిపోయారు అనే పాత ఉపన్యాసం నేను ఇవ్వడం లేదు. 'శివ' నాకూ ఇష్టమే. నేను చెప్పేది బండూరా చెప్పిందే: అందరూ చూస్తారు, అందరూ నేర్చుకుంటారు. చూశాక ఎవరికి జ్యూస్ దొరికింది? సైకిల్ చైన్ అమ్మాయిలూ చూశారు. విజిల్ వేసే పర్మిషన్ మాత్రం అబ్బాయిలకే ఉంది.

నేను కొట్టిన అబ్బాయి

ఇప్పుడు నా వంతు. నాది ఇంటర్ విజయవాడ చుట్టుపక్కల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. మీలో చాలామందికి ఆ లైఫ్ తెలుసు: తెల్లవారకముందే బెల్లు, రాత్రి దాకా స్టడీ అవర్, అబ్బాయిలకో క్యాంపస్, అమ్మాయిలకో క్యాంపస్. పదహారేళ్ళ కుర్రాళ్ళు కొన్ని వందల మంది, గ్రౌండ్ లేదు, ఫోన్ లేదు, ఆదివారం కూడా పరీక్షే.

మా రూమ్‌లో ఒకబ్బాయి రోజూ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చేవాడు. ఇంటి మీద బెంగ. నాకూ ఇంటి మీద బెంగే. కానీ నాకు ఏడుపు వస్తే బాత్రూమ్‌లోకెళ్ళి కుళాయి తిప్పేవాణ్ణి, వాడు అందరికీ వినపడేలా ఏడ్చేవాడు. వాడి ఏడుపు వింటుంటే నాకు జాలి రావాలి కదా, కోపం వచ్చేది. ఒక రాత్రి "ఆడపిల్లలా ఏంట్రా ఈ ఏడుపు" అని లేచి కొట్టాను. ముక్కులోంచి రక్తం వచ్చింది. వార్డెన్ వచ్చి చూసి, "మగపిల్లలన్నాక కొట్టుకుంటారు, పడుకోండి" అని లైటు ఆర్పేసి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండానే వాళ్ళ నాన్న వచ్చి వాణ్ణి తీసుకెళ్ళిపోయారు. నేను సారీ చెప్పలేదు. ఆ తర్వాత వాడు ఎక్కడున్నాడో కూడా తెలీదు.

చాలా ఏళ్ళు ఇది నాకు తప్పులా కూడా అనిపించలేదు. మగపిల్లలన్నాక అంతే కదా అనుకున్నాను. ఆ వార్డెన్ మాట నన్ను శిక్ష నుంచి కాపాడింది. దాంతోపాటు, నేనేం చేశానో నాకే కనపడకుండా చేసింది.

మగపిల్లలకి ఈ పర్మిషన్ వల్ల లాభమే అనుకునేవాళ్ళు ఇంకో లెక్క కూడా చూడాలి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పిల్లల మీద హింస గురించి ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, 12,447 మంది పిల్లలు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో సుమారు 55 శాతం అబ్బాయిలు. మగపిల్లాడు కదా, తట్టుకుంటాడు అని కొడతాం. వాడు కొట్టడం ఎక్కడ నేర్చుకున్నాడు అని తర్వాత ఆశ్చర్యపోతాం.

ఇది కూడా మన ఊళ్ళో ఎవరికీ తట్టని విషయం కాదు. చలం గారు 1950లో అరుణాచలం వెళ్ళిపోకముందు ఉన్నది బెజవాడలోనే. స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన మనిషి. ఆయన 'బిడ్డల శిక్షణ' అనే పుస్తకం రాసి, పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టి పెంచొద్దు అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. ఊరు ఆయన్ని చెడిపోయినవాడు అంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం వచ్చేసరికి 2009 అయింది.

పాప ఏం చేసింది

ఒక విషయం కావాలనే దాచాను. కనుమ రోజు వాడు వీపు మీద కొట్టాక పాప తిరిగి కొట్టలేదు. మా అమ్మ తిట్టింది కదా, చెయ్యి లేపలేదు. సాయంత్రానికి వీధిలో పిల్లలందరూ వాడితో కటీఫ్. ఒక్కరూ ఆటలో చేర్చుకోవడం లేదు. ఎవరు చెప్పారో అడక్కండి.

దీని మీద కూడా పరిశోధన ఉంది. 1995లో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ అనే ఇద్దరు, స్నేహాల్ని ఆయుధంగా వాడటం కూడా దాడే అన్నారు: వెలివేయడం, పుకార్లు, "దానితో మాట్లాడితే నాతో మాట్లాడకు" లాంటివి. వాళ్ళు చూసిన బడుల్లో ఇది అమ్మాయిల్లో ఎక్కువ కనిపించింది. మనం "ఆడవాళ్ళ రాజకీయాలు" అని నవ్వేస్తాం. కానీ ఎదురుగా నిలబడి "నాకు కోపం వచ్చింది" అనే దారి మూసేస్తే, కోపం సందులు వెతుక్కోదా? మా పాపకి ఆ మధ్యాహ్నం ఆ సందు చూపించింది మేమే.

మరి ఏం చేయాలి? "అమ్మాయిలూ, మీరూ కొట్టండి" అనడం నా ఉద్దేశం కాదు. మన డెల్టా చరిత్రలోనే జవాబుల్లాంటివి రెండు కనపడుతున్నాయి.

ఒకటి, రాట్నం. కేరల్ ఎంబర్ అనే ఆంత్రోపాలజిస్టు 1973లో కెన్యాలో లువో తెగ పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. అక్కడ కొన్ని ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళు లేకపోవడం వల్ల ఆడపిల్లల పనులు మగపిల్లలతో చేయించేవాళ్ళు. అలా ఇంటి పనులు చేసిన మగపిల్లల్లో తోటివాళ్ళ మీద దూకుడు తక్కువ కనిపించింది. అంట్లు తోమితే, చంటిపిల్లని ఎత్తుకుంటే మగతనం పోదు. ఎదుటివాళ్ళకి ఏం కావాలో చూసే అలవాటు వస్తుంది. వంద ఏళ్ళ కిందట బెజవాడ సమావేశం పెద్దమనుషుల చేతికి రాట్నం ఇవ్వగలిగినప్పుడు, మనం ఆరేళ్ళవాడి చేతికి చీపురు ఇవ్వలేమా?

రెండు, గొంతు. ఆడపిల్లకి కోపం వస్తే అది కోపమే అని ఒప్పుకోవడం. బలం చూపిస్తే మగరాయుడు అనకపోవడం. మన విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ళ వయసులో కృష్ణలో 5 కిలోమీటర్లు ఈదింది. పెద్దయ్యాక 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ ఇంట్లో ఎవరైనా "ఆడపిల్లకి ఏట్లో ఈతలేంటి, ఆ బాణాలేంటి" అని ఉంటే ఆ మూడు పతకాలు ఎక్కడివి?

ఈ స్క్రిప్ట్ రాశాక చిన్నక్కకి ఫోన్ చేశాను. ఎండాకాలం సెలవులు, పిల్లలిద్దరూ ఒకేచోట ఉన్నారు. మా మేనల్లుడితో మాట్లాడాను. "ఆ రోజు గాజులు తొడుక్కో అన్నాను చూడు, అది తప్పురా. ఏడుపొస్తే ఏడవొచ్చు" అని చెప్పాను. వాడు ఫోన్లో గేమ్ మధ్యలో ఉన్నాడు. "ఆఁ సరే మామయ్యా" అని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను.

అప్పుడు పాప ఫోన్ లాక్కుంది. "మరి నన్ను అమ్మమ్మ తిట్టింది కదా. నువ్వక్కడే ఉండి నవ్వావు. నాకు చెప్పవా సారీ?"

అన్ని పుస్తకాలు చదివి, ఇంత స్క్రిప్ట్ రాసి, నేను ఫోన్ చేసింది మగపిల్లాడికి. పాప సంగతి నాకు గుర్తే రాలేదు.

చెప్పాను. ఆలోచించి, "సరేలే" అంది. వచ్చే సంక్రాంతికి రెండో సైకిల్ కొనాలట, అది కూడా నేనే.

మీ ఇంట్లో, మీ బడిలో మీరు విన్న ఇలాంటి మాటలు కామెంట్లలో రాయండి. అన్నవాళ్ళు ఎవరో పేర్లు రాయకండి, మాట మాత్రం రాయండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.